చూసి మూసిన కళ్ళు

ఆ చలికాలమంతా పొద్దున్నే నా మొహం ఎవరో కడిగేవారు.

బకెట్టు మాదే, సబ్బు మాదే, చెయ్యి నా భుజం నుంచి దిగినదే. కాని కళ్ళు మూసుకుని రుద్దుకోవడం మొదలుపెట్టగానే కుడి చూపుడువేలు ఒక్కటీ పరాయిదైపోయేది. అది నుదుటి మీద మొదలై, కనుబొమ్మ దాటి, చెంప మీదికి దిగేది. చెంపకు ఆ వేలు తెలిసేది. వేలికి చెంప తెలిసేది కాదు. మన చేత్తో మనల్ని తాకుకున్నప్పుడు రెండు కబుర్లు వస్తాయి. తాకినట్టు ఒకటి, తాకించుకున్నట్టు ఒకటి. రెండూ కలిసి వచ్చినంతకాలం వాటిని పట్టించుకోం. ఒకటి ఆగిపోతే రెండోదానికి అర్థం మారిపోతుంది. ఎవరో ఉన్నారు. చల్లటి వేలితో, తొందరేమీ లేకుండా, నేనెవరో గుర్తుపట్టాలన్నట్టు నా మొహం తడుముతున్నారు.

కళ్ళు తెరిస్తే అద్దంలో నేనొక్కణ్ణే.

మా ఆవిడకు చెబితే, "ఢిల్లీ చలికి వేళ్ళు కొయ్యబారక ఏమవుతాయండీ, నీళ్ళు కాచుకోండి," అంది.

చలి వల్ల కాదని ఆవిడకూ తెలుసు. వానాకాలంలో ఫ్యాక్టరీలో మైకా షీటు ఒకటి జారి, దాని అంచు నా చూపుడువేలి మొదట్లో దిగింది. కొత్త షీటు అంచుకు కత్తి కూడా చాలదు. డాక్టరు తెగిన నరాన్ని కుట్టాడు. కుట్టిన చోటి నుంచి అది వేలి కొస దాకా మళ్ళీ పెరగాలట. రోజుకు గోటి మందమంత పెరిగితే గొప్ప. పెరిగాక కూడా పాత కబుర్లు పాత చోటికే చేరతాయన్న నమ్మకం లేదు. పాత ఇంటికి కొత్త వైరింగు వేసినట్టే. ఏ స్విచ్చి నొక్కితే ఏ గదిలో బల్బు వెలుగుతుందో కొన్నాళ్ళు ఎవరికీ తెలియదు.

నా బతుకు ఆ వేలి మీదే నడిచేది. ఢిల్లీ పక్కనే సాహిబాబాద్‌లో మైకా షీట్లు చేసే ఫ్యాక్టరీలో షీట్లు పాస్ చేసేది నేనే. తణుకులో ఇంటర్ తప్పి, ఐ.టి.ఐ. చేసి, ఎవరో చెబితే ఇటు వచ్చినవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా ఒకే టేబుల్ దగ్గర నిలబడ్డాను. అల్మారాలకీ, వంటింటి తలుపులకీ అతికించే మైకా మీద కనిపించే చెక్క, చెక్క కాదు. కాగితం మీద అచ్చేసిన చెక్క ఫొటో. దాన్ని ప్రెస్సు అనే వేడి యంత్రంలో పెట్టి, గీతలు చెక్కిన ఉక్కు ప్లేటుతో నొక్కితే గరుకుదనం వస్తుంది. బొమ్మ కాగితానిది, గరుకు ప్లేటుది. ఖరీదైన షీటులో ఈ రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. కన్నుకు గీత కనిపించిన చోట వేలికి గాడి తగలాలి. కనిపించిన ముడి దగ్గర వేలికి పల్లం తగలాలి. అప్పుడే మనిషి దాన్ని చెక్క అనుకుంటాడు. గోరంత పక్కకి జరిగినా ఎక్కడ తేడా ఉందో చెప్పలేడు గాని, ఆ బల్ల మీద చెయ్యి ఆనించి కూర్చోలేడు.

పాస్ చేసే పద్ధతి ఇదీ. టేబుల్ కిటికీ పక్కన ఉంటుంది. షీటు ఒక కొస పైకెత్తితే వెలుగు దాని మీద ఏటవాలుగా పరుచుకుంటుంది, గాళ్ళు నీడలతో బయటపడతాయి. అది కన్ను పని. తరవాత షీటు దించి, కళ్ళు మూసుకుని, గీతలకు అడ్డంగా చూపుడువేలు నడపాలి. వేలు ఆగితే ఏమీ తెలియదు, నడుస్తుండాలి. నేనలా కళ్ళు మూసుకుని నిలబడితే నిద్రపోయానని ప్రెస్సు దగ్గరి కుర్రకారు, "సో గయా మద్రాసీ!" అని అరిచేవారు. మద్రాసు నేను ఇంతవరకూ చూడలేదు.

నాకు పని నేర్పింది సహారన్‌పూర్ నుంచి వచ్చిన పెద్దాయన. వాళ్ళ తాతలు చెక్క మీద పూలు చెక్కినవాళ్ళు. అందరం ఆయన్ని ఉస్తాద్ అంటాం. మొదటి రోజు ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ మంత్రం. "ఆంఖ్ దలాల్ హై, ఉంగ్లీ గవాహ్." కన్ను దళారి, వేలు సాక్షి. సరుకు అమ్మేది ఒకటి, నిజం చెప్పేది ఇంకొకటి.

ఆ సాక్షి ఇప్పుడు నోరు విప్పడం లేదు.

ఆసుపత్రిలో చేతికి వ్యాయామాలు చేయించే అమ్మాయి ఒక పద్ధతి నేర్పింది. ముందు వస్తువును చూస్తూ తాకాలి. తరవాత కళ్ళు మూసుకుని తాకి, ఇందాక చూసింది గుర్తు తెచ్చుకోవాలి. మళ్ళీ కళ్ళు తెరిచి సరిచూసుకోవాలి. గరుకు కాగితం, దూది, జీన్స్ గుడ్డ, చెంచా, ఏదైనా సరే. "కన్ను వేలికి పాఠం చెబుతుంది అంకుల్. వేలు కొత్తగా బడికి వెళ్ళినట్టు. ఒకటే షరతు, అందాజా నహీ, ఊహించి చెప్పకూడదు. తెలియకపోతే తెలియదని చెప్పండి," అంది.

నేను పాఠం అంటే పరిగెత్తుకెళ్ళేవాణ్ణి. డిగ్రీ లేని లోటు చదివి తీర్చుకుంటున్నవాణ్ణి. లక్ష్మీ నగర్‌లో మేముండే సందులోనే లైబ్రరీ అని బోర్డులు ఆరు ఉన్నాయి. వచ్చిన కొత్తలో ఆశగా ఒకదాంట్లోకి వెళ్ళాను. ఏసీ ఉంది, గూళ్ళలాంటి బల్లలు ఉన్నాయి, ప్రతి గూట్లో ఒక పిల్లో పిల్లాడో పరీక్షలకు చదువుతున్నారు. పుస్తకం ఒక్కటీ లేదు. "కితాబ్ అప్నీ లానీ హోతీ హై, భయ్యా," అన్నాడు కౌంటర్ మనిషి. పుస్తకాలు నువ్వే తెచ్చుకోవాలి, ఇక్కడ దొరికేది కుర్చీ. అసలు లైబ్రరీ మెట్రో స్తంభాల అవతల రెండు గదుల్లో ఉందని తెలుసుకోవడానికి ఏడాది పట్టింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అక్కడే. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు నమిలేశాను. మా ఆవిడ నన్ను పండితులుగారూ అనేది, నేను కూర మాడ్చిన రోజు తప్ప.

ఆ చలికాలం స్పర్శ గురించిన ఒక లావు పుస్తకం తెచ్చుకున్నాను. వస్తువు ఆకారం, పరిమాణం దగ్గర కన్నూ చెయ్యీ తగువు పడితే కన్ను మాటే చెల్లుతుందని అందులో ఉంది. గరుకుదనం దగ్గర మాత్రం ఇద్దరి మాటకూ విలువ ఉంటుంది. గరుకు బాగా సన్నదైతే చేతిదే పైచేయి. అది చదివి మీసం మెలేశాను. ఉస్తాద్ చదువుకోకుండా చెప్పిందే అంత లావు పుస్తకంలో ఉంది మరి.

మా పన్నెండేళ్ళ అమ్మాయి ఇంటి దగ్గర టీచరైంది. స్కూలు నుంచి వచ్చాక వాళ్ళమ్మ చున్నీ నా కళ్ళకు కట్టేది. కట్టే ముందు వస్తువులన్నీ నాకు చూపించేది, కట్టాక ఒక్కొక్కటీ తీసి నా వేలి కింద పెట్టేది. మనం తెలుగులో మాట్లాడితే అది హిందీలో జవాబిస్తుంది.

"అచ్ఛా నాన్నా, యే క్యా హై?"

"దువ్వెన."

"సహీ!"

"ఇది గరుకు కాగితం."

"సహీ!"

"ఇది నీ గాజుల పెట్టె లోపలి మఖమల్."

ఆ రోజు మఖమల్ అన్నప్పుడు గదిలో చప్పుడు లేదు. అంతకుముందు ఎక్కడో బెల్లు మోగినట్టు, చెప్పుల చప్పుడు దూరమైనట్టు అనిపించింది. నా వేలి కింద మాత్రం మెత్తగా, వెచ్చగా, ఒక వైపు నిమిరితే నునుపుగా, రెండో వైపు నిమిరితే ఎదురు తిరుగుతూ మఖమల్ కదులుతోంది. చాలాసేపు నిమిరాను. ఇన్ని నెలలకు వేలు ఇంత స్పష్టంగా మాట్లాడటం అదే మొదలు. కళ్ళ గంతల కింద నీళ్ళొచ్చాయి. కాసేపటికి వెనక నుంచి, "సహీ, నాన్నా," అని మెల్లిగా వినిపించింది.

జనవరిలో మళ్ళీ టేబుల్ దగ్గరికి వెళ్ళాను. ఉస్తాద్ నా వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొన్నాళ్ళు ఎడమ చేత్తో చెయ్యి," అన్నాడు.

"అక్కర్లేదు ఉస్తాద్. రోజూ పరీక్ష పెట్టుకుంటున్నాను. పదికి పది."

"పెట్టేదెవరు?"

"మా అమ్మాయి."

ఆయన నా వేలు వదిలేసి ప్రెస్సు వైపు నడిచాడు.

జనవరి అంటే సాహిబాబాద్‌లో కిటికీ ఉన్నా లేనట్టే. పొగమంచు అద్దానికి ఆనుకుని నిలబడుతుంది. ఏటవాలు వెలుగు అన్నది ఉండదు. ట్యూబ్‌లైట్ కింద షీటు పైకెత్తితే నీడలు పడవు. ఆ రోజుల్లో వేలు ఒక్కటే సాక్షి. వేలు బ్రహ్మాండంగా సాక్ష్యం చెప్పింది. గీత కనిపించిన ప్రతి చోటా గాడి తగిలింది. నేను కూనిరాగాలు తీస్తూ షీట్ల మీద సుద్దముక్కతో టిక్కులు పెట్టాను.

ఆ నెల నడిచింది ముడి ఉన్న టేకు డిజైను. చెట్టుకు కొమ్మ మొలిచిన చోట చెక్కలో గుండ్రంగా సుడి పడుతుంది, మధ్యలో నల్లగా, చుట్టూ గీతలతో, రెప్ప వేయని కన్నులా. ఎక్కడో, ఎప్పుడో, ఒకే ఒక్క చెట్టును కోసి, ఒక పలకను ఫొటో తీశారు. ఆ పలకే అన్ని షీట్ల మీదా. చాలామందికి ఈ సంగతి తెలియదు. నాకు తెలుసు కాబట్టి ఎక్కడికి వెళ్ళినా అది కనిపించేది. పళ్ళ డాక్టరు గదిలో అదే ముడి, అమ్మాయి స్కూలు ఆఫీసులో అదే ముడి, లిఫ్టు గోడ మీద అదే. కొట్టేసిన ఒకే ఒక్క చెట్టు ఈ ఊళ్ళో ఇన్ని గదుల్లోంచి చూస్తోంది. దెబ్బ తగిలాక ఇంకో వింత జరిగేది. దూరం నుంచి ఆ ముడిని చూస్తే చాలు, ప్యాంటు జేబులో ఉన్న నా వేలి కొసకు పల్లం తగిలేది. నాకది వేలు తిరిగి వస్తున్న గుర్తులా ఉండేది. ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఫిబ్రవరిలో ఫిర్యాదు వచ్చింది. ఇందిరాపురంలో ఒక ఫ్లాటు, మన తెలుగువాళ్ళే, భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్. కొత్త అల్మారాలు చేయించుకున్నారు. షీటు బాగాలేదంటున్నారు, ఏం బాగాలేదో చెప్పడం లేదని డీలరు తల పట్టుకున్నాడు. భాష తెలుసని నన్నూ, పని తెలుసని ఉస్తాద్‌నీ పంపారు.

మధ్యాహ్నం పదకొండో అంతస్తు. ఎండ బాగా ఉంది. ఆ ఇంటి కోడలు మంచినీళ్ళిచ్చి, మొహమాటంగా, "చూడ్డానికి బానే ఉందండీ. మాకైతే ఏమీ తెలియట్లేదు. అత్తయ్యగారే అల్మారా తలుపు చేత్తో ముట్టుకోవడం మానేశారు. కొంగు అడ్డం పెట్టుకుని తీస్తున్నారు," అంది.

అత్తగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. కళ్ళల్లో తెల్లటి పొర. నా గొంతు వచ్చిన వైపు తల తిప్పారు. "నాయనా, మా ఇంట్లో టేకు బీరువా ఉండేది. చెక్క నాకు తెలుసు. ఇది చూసేవాళ్ళకు ఒకటి, పట్టుకున్నవాళ్ళకు ఇంకొకటి. పైన ఒకళ్ళున్నారు, కింద ఇంకొకళ్ళు కదలకుండా పడుకుని ఉన్నారు. చెయ్యి పెడితే కింద వాళ్ళే తగులుతున్నారు."

ఉస్తాద్ నా వైపు తిరిగి, "క్యా బోలీ మాతాజీ?" అన్నాడు.

"బాగాలేదు అంటున్నారు."

"ఇత్నీ లంబీ బాత్ కా ఇత్నా ఛోటా మత్లబ్?"

అంత పెద్ద మాటకు ఇంత చిన్న అర్థమా అని. కోడలు నవ్వింది. నేను నవ్వలేకపోయాను. తలుపు మీద ఎడమ మూల నేను పెట్టిన సుద్ద టిక్కు సగం చెరిగి ఉంది. మధ్యలో ఆ ముడి మా అందరినీ చూస్తోంది.

"తాకు," అన్నాడు ఉస్తాద్.

ముడి వైపు చూశాను. కళ్ళు మూసుకున్నాను. చూపుడువేలు గీతలకు అడ్డంగా నడిపాను. గాడి, గాడి, గాడి, ఇదిగో పల్లం. "సరిగ్గానే ఉంది," అన్నాను.

ఆయన నా ఎడమ చెయ్యి పట్టుకుని, ఎడమ చూపుడువేలిని అదే చోట పెట్టాడు.

అక్కడ ఏమీ లేదు. చల్లగా, చదునుగా ఉంది. నా కుడి వేలు పల్లంలో ఉంది, దాని పక్కనే ఆనుకుని ఉన్న ఎడమ వేలు చదును మీద ఉంది. రెండు వేళ్ళూ ఒకే చోట. కళ్ళు తెరిచాను. ముడి రెప్ప వేయకుండా చూస్తోంది. ఉస్తాద్ నా ఎడమ చేతిని జాన దూరం పక్కకి, ఏ గీతా లేని నున్నటి చెక్క బొమ్మ మీదికి జరిపాడు. అక్కడ, ఏమీ కనిపించని చోట, పల్లం దొరికింది. గుండ్రంగా, అంచులతో సహా. ఆ అత్తగారు చెప్పిన కింద పడుకున్నవాళ్ళ కంటిగుంటలా.

రెండు చేతులూ తలుపు మీంచి తీసేశాను.

ప్లేటు తిరగేసి ఎక్కించారు. తల కాళ్ళ వైపు, కాళ్ళు తల వైపు. బొమ్మ ఒక దిక్కున పడుకుంటే గరుకు ఇంకో దిక్కున పడుకుంది. ప్రెస్సు వాళ్ళు చేసిన తప్పే, కాని దాన్ని పట్టుకోవడానికే నేనున్నది. నెల రోజులుగా నా వేలు కన్ను చెప్పిన కథనే తిరిగి నాకు చెప్పింది. కళ్ళు మూసుకున్నాను కదా అనుకున్నాను. చూసి మూసిన కళ్ళు మూసిన కళ్ళు కావు.

దిగేటప్పుడు లిఫ్టులో గోడ మీద కూడా అదే ముడి. ఉస్తాద్ దాన్నే చూస్తూ అన్నాడు. "ఏప్రిల్ ఆఖరి దాకా టేబుల్ నేను చూసుకుంటాను. అప్పటికి వేలు బాగైతే నీది. లేకపోతే ప్యాకింగ్‌కి వెళ్ళు." కింది అంతస్తు వచ్చాక, తలుపు తెరుచుకునేలోపు, ఇంకొక్క మాట. "ఇంటికెళ్ళి నీ పరీక్ష పెట్టినవాళ్ళను అడుగు."

అడిగాను. అడిగిన తీరు బాగాలేదు. అమ్మాయి హోంవర్కు పుస్తకం మూసి, కళ్ళు దించుకుని కూర్చుంది.

"నిజం చెప్పు. నేను ఎన్నిసార్లు తప్పు చెప్పాను?"

పుస్తకం అంచును గోటితో గీకింది.

"సగమా?"

తల అడ్డంగా ఊపింది. సగం కాదు, ఎక్కువ.

"మరి సహీ సహీ అని ఎందుకన్నావే?"

"ఆప్ ఖుష్ హో జాతే థే," అంది. మీరు సంతోషపడేవారు. వంటింట్లోంచి వాళ్ళమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అమ్మాయి గొంతు ఇంకా తగ్గించింది. "ఔర్ నాన్నా... కభీ కభీ మైనే కుఛ్ రఖా హీ నహీ థా."

కొన్నిసార్లు నేను అసలు ఏమీ పెట్టలేదు.

బెల్లు మోగిన రోజది. పాలవాడు వచ్చాడని తను తలుపు తీయడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నేను కళ్ళకు గంతలతో ఒక్కణ్ణే కూర్చుని, గాలిలో వేలు కదుపుతూ, మఖమల్, మఖమల్ అంటూ నవ్వుతున్నానట. దానికి భయమేసిందట. సహీ అనేస్తే నేను ఆపేస్తానని అనేసింది. ఆ తరవాత నిజంగానే జరుగుతుందా అని చూడటానికి మరి నాలుగైదుసార్లు ఏమీ పెట్టకుండా అడిగింది. నేను ప్రతిసారీ ఏదో ఒక పేరు చెప్పాను. ఒక్కసారి కూడా ఏమీ లేదు అనలేదు.

మా ఆవిడ, "పిల్లని అనకండి," అంది. నేను అనలేదు. అనడానికి ఏముంది? నన్ను సంతోషపెట్టాలని నా కన్ను చేసిన పనే అదీ చేసింది. నాకు దిగులు పుట్టించింది వేరే. ఆ మఖమల్ నాకింకా గుర్తుంది. ఈ రోజుకీ, నేను తాకిన అసలు మఖమల్ కన్నా లేని ఆ మఖమలే బాగా గుర్తుంది.

పుస్తకం మళ్ళీ తీశాను. అన్నీ అందులోనే ఉన్నాయి. మొదటిసారి నాకు కావలసిన చోట్ల మాత్రమే గీతలు గీసుకున్నాను, అంతే. చేతిదే పైచేయి అన్న వాక్యం కింద గీత ఉంది. చేతి కబురు బలహీనపడితే మనసు కన్ను వైపు ఒరిగిపోతుందన్న తరవాతి వాక్యం కింద లేదు. చదువుకున్నానన్న గర్వం కూడా దళారి పనే చేస్తుందని నాకప్పుడు తెలిసింది.

కొత్త నియమం పెట్టుకున్నాం. వస్తువులు నాకు ముందుగా చూపించకూడదు. నేను బయట వరండాలో ఉండగానే వాటిని ఏరాలి. అబద్ధం చెబితే అమ్మాయి వారం రోజులు ఇంట్లో తెలుగులోనే మాట్లాడాలి. అంత పెద్ద శిక్ష దానికింకోటి లేదు.

మొదటి రోజు పదకొండు వస్తువులు.

"దూది."

"గలత్."

"స్పాంజి."

"గలత్."

"కొబ్బరి పీచు?"

"నాన్నా, చెంచా హై వో! గలత్, గలత్, గలత్."

పదకొండుకు పదకొండు తప్పు. మా ఆవిడ వంటింట్లోంచి, "పండితులుగారు ఇంటర్ కూడా ఇలాగే తప్పారా?" అంది. చాలా రోజుల తరవాత ముగ్గురం కడుపారా నవ్వుకున్నాం.

నవ్వింది ఆ ఒక్క రోజే. మార్చి అంతా భయంగా గడిచింది. చూడకుండా తాకుతుంటే వేలి కింద లోకమే లేదు. ఏదో ఉందని తెలుస్తుంది, ఏమిటో తెలియదు. గంతలు కట్టుకుని కూర్చుంటే ఇల్లంతా ఖాళీ అయినట్టుండేది. ఎదురుగా అమ్మాయి ఊపిరి వినిపిస్తున్నా అది అక్కడ ఉందని నమ్మకం కలిగేది కాదు. "ఉన్నావా?" అని అడిగేవాణ్ణి. "హా, హూ," అనేది. ఉన్నా. ఒకరోజు దాని అరచెయ్యే నా వేలి కింద పెట్టింది. నేను రబ్బరు అన్నాను. "గలత్," అని చెప్పడానికి దానికి కొంచెంసేపు పట్టింది, కాని చెప్పింది. తెలియదు అనడం నేర్చుకున్నాను. మొదట్లో ఆ మాట నాలుక మీద రాయిలా ఉండేది. ఏప్రిల్ వచ్చేసరికి పదిలో ఏడుసార్లు తెలియదనీ, రెండుసార్లు తప్పూ, ఒకసారి ఒప్పూ చెప్పేవాణ్ణి. ఆ ఒక్క ఒప్పూ నాదే అయినా, నెలాఖరుకు ప్యాకింగ్ తప్పదని తేలిపోయింది.

ఏప్రిల్ మూడో ఆదివారం సాయంత్రం. అమ్మాయికి వస్తువులు అయిపోయాయి. ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కసారైనా నా వేలి కిందికి వచ్చేశాయి. బల్ల మీద ఉన్న లైబ్రరీ పుస్తకం తీసి, చివరి అట్ట దగ్గర ఉండే ఖాళీ పేజీ నా వేలి కింద పెట్టింది. నున్నటి కాగితం అని నేను చెబితే ఒప్పు.

వేలు నడిపాను. కాగితం. నున్నగానే ఉంది. దాటిపోతుండగా ఏదో సన్నగా, తాకీ తాకనట్టు, వేలి కొసను గీకింది. వెనక్కి వచ్చాను. మళ్ళీ గీకింది. అదే చోట. పైకి వెళ్ళాను, లేదు. కిందికి వచ్చాను, ఉంది.

"కాగితం. దీని మీద గీత ఉంది."

"గలత్, నాన్నా. సాఫ్ పేజ్ హై."

"అడ్డంగా. పొడుగ్గా ఉంది."

"కుఛ్ నహీ హై. మై దేఖ్ రహీ హూ." నేను చూస్తున్నాను కదా, ఏమీ లేదు. దాని గొంతులో ఏడుపు వినిపించింది. నిజం చెప్పాలని పట్టుదల, చెబితే నేనేమవుతానో అని బెంగ. గాలిలో మఖమల్ తడిమిన నాన్న మళ్ళీ వచ్చాడనుకుంది.

నేనూ అదే అనుకున్నాను. వేలు తీసేశాను. కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంతకుముందు వేలు అబద్ధం చెప్పినప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకున్నాను. అప్పుడు కబురు నిండుగా, తియ్యగా, నేను కోరుకున్నట్టే వచ్చేది. ఇది అలా లేదు. నేను కోరనిది, నాకు అక్కర్లేనిది, చీమ నడిచినంత.

"నువ్వూ కళ్ళు మూసుకో," అన్నాను.

"క్యూ?"

"మూసుకుని నీ వేలు పెట్టు. నడుపు, ఆపకు."

గంతల చీకట్లో నాకు దాని వేలు కాగితం మీద రాసుకునే చప్పుడు వినిపించింది. ఒకసారి. రెండోసారి. తరవాత అది ఆగింది.

"ఉంది," అంది. తెలుగులో. ఎవరూ శిక్ష వేయకుండానే.

చున్నీ విప్పేసి చూశాను. పేజీ తెల్లగా, ఖాళీగా ఉంది. ఇద్దరం వరండాలోకి పరిగెత్తాం. మెట్రో లైను అవతల పొద్దు వాలుతోంది, దుమ్ము పట్టిన ఎర్రటి ఎండ. షీటు కొస ఎత్తినట్టు పుస్తకాన్ని ఎండకు అడ్డంగా, ఏటవాలుగా పట్టుకున్నాను. కొంచెం, ఇంకొంచెం వంచాను.

పేజీ నిండా రాత లేచింది. సిరా లేదు, నీడలే. ఎవరో ఈ పేజీ మీద ఇంకో కాగితం పెట్టుకుని గట్టిగా నొక్కి రాశారు. కాగితం పోయింది, ఒత్తిడి మిగిలింది. వరసగా ఒకే సంతకం. ఇరవై, ముప్ఫై సార్లు. మొదట్లో తడబడుతూ, పోను పోను పెద్దదై, వంపులు తిరిగి, కింద దర్జాగా అడ్డగీతతో. ఆఫీసరు సంతకం. మా సందులోని ఆ ఆరు లైబ్రరీ బోర్డుల గూళ్ళలో చదివే ఎవరో ఒకరు, పరీక్ష ఇంకా రాయకముందే, నెగ్గాక ఫైళ్ళ మీద పెట్టబోయే సంతకాన్ని ఇక్కడ సాధన చేశారు. నెగ్గారో లేదో. పేరు మాకు అర్థం కాలేదు. నా వేలికి తగిలింది ఆ అడ్డగీత.

"యే కౌన్ హై?" అంది అమ్మాయి నా చెయ్యి పట్టుకుని. ఎవరు వీళ్ళు? మేఘం అడ్డొచ్చింది. పేజీ మళ్ళీ ఖాళీ అయిపోయింది. కాని ఇప్పుడు ఖాళీగా కనిపిస్తున్నా అది ఖాళీ కాదని ఇద్దరికీ తెలుసు. పుస్తకం వెంటనే మూయబుద్ధి కాలేదు, తెరిచి ఉంచబుద్ధీ కాలేదు.

సోమవారం ఉస్తాద్‌కు జరిగింది చెప్పి, షీటు నేను చూడకముందే, ఏ డిజైనో ఎటు తిప్పి పెట్టాడో చెప్పకుండా, గుడ్డ కప్పమన్నాను. అంతవరకూ మా పద్ధతి ముందు కన్ను, తరవాత వేలు. నేను ముందు వేలు, తరవాత కన్ను అన్నాను. గుడ్డ కింద చెయ్యి పెట్టి చాలాసేపు నడిపాను. పై మూల, అంచు నుంచి రెండు జానల దూరంలో పల్లం ఉందన్నాను. మిగతాది తెలియదన్నాను. ఉస్తాద్ గుడ్డ లాగేశాడు. ముడి సరిగ్గా నా వేలి కింద ఉంది.

"మిగతాది తెలియదు అన్నావు చూడు," అన్నాడు ఆయన, "అందుకు టేబుల్ నీది. రెండు చేతులతో చెయ్యి. రెండూ ఒప్పుకుంటేనే టిక్కు."

ఇప్పుడు అలాగే చేస్తున్నాను. వేలు పూర్తిగా రాలేదు, వస్తుందని డాక్టరు కూడా అనడం లేదు. మొహం కడిగే ఆ పరాయి మనిషి మాత్రం ఎండాకాలం మధ్యలో ఎప్పుడో రావడం మానేశాడు. ఏ రోజు మానేశాడో గమనించలేదు. ఒక పొద్దున సబ్బు రుద్దుకుంటుంటే రెండు కబుర్లూ కలిసి వచ్చాయి. నా వేలు, నా చెంప. గడ్డం గరుకు.

ఆ పుస్తకాన్ని లైబ్రరీకి తిరిగి ఇచ్చేశాను. ఇచ్చేముందు చివరి పేజీ మీద కళ్ళు మూసుకుని ఒకసారి వేలు నడిపాను. ఉన్నారు.